గోరింటాకు సారం ఉక్కును యాసిడ్ నుంచి ఎంతవరకు కాపాడుతుంది?

అందరికీ నమస్కారం.

గాల్వనైజింగ్ (జింకు పూత) చేసేముందు ఉక్కును యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పునూ, నల్లటి పొలుసునూ వదిలిస్తారు. దీన్నే పిక్లింగ్ అంటాం. పొలుసు ఊడాక యాసిడ్ ఊరుకోదు, కింది లోహాన్నీ తింటుంది. దాన్ని ఆపడానికి తొట్టిలో నిరోధకం కలుపుతారు. ఇప్పుడు వాడే వాటిలో ప్రొపార్గిల్ ఆల్కహాల్ లాంటివి విషపూరితం. అందుకే ఆకుల మీద ఇన్ని పరిశోధనలు.

గోరింటాకునే తీసుకుందాం. చేతిని ఎర్రగా పండించే లాసోన్ ఉక్కు ఉపరితలానికి అతుక్కుని పలుచని పొరగా నిలుస్తుంది. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, లీటరుకు 1.2 గ్రాముల సారంతో మైల్డ్ స్టీల్‌కు (కార్బన్ తక్కువుండే మామూలు ఉక్కు) దాదాపు 92 శాతం రక్షణ దొరికిందని 2009లో ఒక పరిశోధన ప్రచురితమైంది.

మీరూ చేసి చూడొచ్చు. నీడన ఆరిన ఆకుపొడి 50 గ్రాములు అర లీటరు నీళ్లలో రెండు గంటలు వేడిచేసి, వడకట్టి, నీరు ఇగిరేదాకా సన్నని సెగ మీద ఉంచండి. అడుగున మిగిలిన ముద్దను పూర్తిగా ఆరబెట్టి, తూచి వాడండి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో 'పది మిల్లీలీటర్ల సారం' అని రాస్తారు; అందులో ఘనపదార్థం ఎంతో తెలియకపోతే ఆ అంకె దండగ.

37 శాతం యాసిడ్ 83 మిల్లీలీటర్లు నీళ్లలోకి పోసి (నీళ్లు యాసిడ్‌లోకి పోయకూడదు) లీటరు చేస్తే 1 మోలార్ అవుతుంది. 5 × 2 × 0.1 సెంటీమీటర్ల కూపన్‌ను (పరీక్షకు వాడే ఉక్కు ముక్క) ఎమరీ పేపర్‌తో 1200 నంబరు దాకా రుద్ది, ఎసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, 0.1 మిల్లీగ్రాము దాకా తూచాలి. దాని వైశాల్యం 21.4 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున 430 మిల్లీలీటర్ల యాసిడ్ కావాలి. వంద మిల్లీలీటర్లతో సరిపెడితే యాసిడే బలహీనపడి, సారం గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది.

రెండు బీకర్లలో యాసిడ్ తీసుకుని, ఒకదాంట్లోనే సారం కలిపి, ఒక్కో కూపన్ ముంచండి. ఆరు గంటల తర్వాత సారం లేని బీకరులో 120, సారం ఉన్నదాంట్లో 12 మిల్లీగ్రాములు తగ్గాయనుకోండి. రక్షణ 90 శాతం. వినడానికి బాగుంది. కానీ లెక్క ఇంకో రకంగా వేయండి: తగ్గిన మిల్లీగ్రాములను 87.6తో గుణించి, సాంద్రత 7.86, వైశాల్యం, గంటలతో భాగిస్తే ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు అరుగుతుందో వస్తుంది. సారం లేకుండా 10.4, సారంతో 1.04. ఏడాదికి ఒక మిల్లీమీటరు! నిమిషాల్లో ముగిసే పిక్లింగ్‌కు ఇది చాలు. యాసిడ్ నిల్వచేసే ట్యాంకుకు మాత్రం ఎందుకూ పనికిరాదు.

వేడి ఇంకో చిక్కు. సల్ఫ్యూరిక్ యాసిడ్ పిక్లింగ్ సాధారణంగా 60 డిగ్రీలు దాటి నడుస్తుంది. బలహీనంగా అతుక్కున్న పొర ఆ వేడికి ఊడిపోతుంది. పైగా, క్లోరైడ్ అయాన్లు ముందుగా ఉక్కు మీద చేరి, సారంలోని ధనావేశమున్న అణువులకు పట్టునిస్తాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లోని సల్ఫేటు ఆ పని అంతగా చేయదు. కాస్త పొటాషియం అయొడైడ్ కలిపితే చాలాసార్లు రక్షణ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

నీటి సారాన్ని అలాగే నిల్వ ఉంచితే బూజు పడుతుంది. ఎండబెట్టిన పొడిగానే దాచండి. వాడేసిన యాసిడ్‌లో ఆకు ఉందని కాలువలో పారబోయకండి. అందులో కరిగిన ఇనుము, మిగిలిన యాసిడ్ అలాగే ఉంటాయి, సున్నంతో తటస్థం చేసి మడ్డిని వేరుచేయాల్సిందే.