షవర్ కింద వీపు తడవకపోతే

శ్రోతలకు నమస్కారం.

రొట్టెల పండగ వచ్చిందంటే నెల్లూరులో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాల కొదవుండదు. స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకోవాలని వచ్చినవాళ్లు పొద్దున్నే స్నానాలు కానివ్వాలి కదా. ఆమధ్య దర్శి నుంచి మా బావమరిది పిల్లాజెల్లాతో దిగాడు. మేడమీద బాత్‌రూములోకి వెళ్లి, కాసేపటికి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, "బావా, మీ షవర్ కింద నిలబడితే ముక్కు తడుస్తోంది గానీ వీపు తడవడం లేదు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి. ద్రవాల ఒత్తిడి పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. పైగా ఆ షవర్‌కి ప్రెషర్ పంపు పెట్టించి అప్పటికి ఏడాదిన్నరే అయింది. సిగ్గేసింది.

అసలు పంపు ఎందుకు పెట్టించాల్సి వచ్చిందో చెబుతాను. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల ఫోర్సు ట్యాంకు ఎంత పెద్దదన్న దాన్నిబట్టి రాదు, ఎంత ఎత్తులో ఉందన్న దాన్నిబట్టి వస్తుంది. అయిదువందల లీటర్ల ట్యాంకు తీసేసి రెండువేల లీటర్లది పెడితే ఫోర్సు పెరుగుతుందనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. పెరగదు. పది మీటర్ల ఎత్తుకు, అంటే సుమారు మూడంతస్తుల మేడ ఎత్తుకు, ఒక బార్ ఒత్తిడి. మేడమీద షవర్‌కీ దానిపైన ట్యాంకుకీ మధ్య ఉండేది మహా అయితే మీటరున్నర. అంటే 0.15 బార్ అన్నమాట. కింది వాటాలో కుళాయి బాగా దూకుతూ, పైన షవర్ ఏడుస్తూ ఉండటానికి కారణం ఇదే. ట్యాంకు పక్కన చిన్న అర హెచ్‌పీ పంపు పెడితే ఆ లోటు తీరుతుంది. దాని రేకు మీద హెడ్ ఇరవై మీటర్లు అని ఉంటే, నీళ్లు పారకుండా బిగపట్టినప్పుడు సుమారు రెండు బార్ల ఒత్తిడి ఇవ్వగలదని అర్థం.

మా ఇంట్లోనూ తీరింది. తర్వాత మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. మెల్లగా తగ్గేది కంటికి ఆనదు. చుట్టం చెబితేగానీ తెలియలేదు.

ప్లంబరు వచ్చి చెయ్యి పెట్టి చూసి, "మోటారు పాతబడింది సార్, ఒన్ హెచ్‌పీ వేసేద్దాం" అన్నాడు. నేను తలూపబోయాను. మా ఆవిడ వంటింట్లోంచే, "వాషింగ్ మెషినుకి నీళ్లెక్కడానికి కూడా ఈమధ్య గంటలు పడుతోంది. ముందు ఏమైందో చూడండి, తర్వాత కొందురుగాని" అంది. ఆ ఒక్క మాటలో సగం పరీక్ష అయిపోయింది. ఒక్క షవరే సన్నగిల్లితే జబ్బు షవర్‌లో ఉంది. పంపు లైను మీదున్న అన్నీ సన్నగిల్లితే జబ్బు పంపు దగ్గరో, దాని వెనకో ఉంది. వేడినీళ్లు మాత్రమే తగ్గితే గీజర్ వైపు చూడాలి.

అయినా ఒక బకెట్ తెచ్చుకున్నాను. పది లీటర్లది. షవర్ కింద పెట్టి గడియారం చూశాను. నిండటానికి రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నిమిషానికి నాలుగు లీటర్లు కూడా లేదు. హాయిగా స్నానం చెయ్యాలంటే ఎనిమిదో తొమ్మిదో ఉండాలి. షవర్ తల విప్పేసి, ఉత్త పైపు కింద మళ్లీ పెట్టాను. రెండు నిమిషాల పది. అంటే తలలో కొంత అడ్డం ఉంది, అసలు అడ్డం ఇంకా వెనకుంది.

తల సంగతి తేలికే. మన బోరునీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒంగోలు వైపైనా, కావలి వైపైనా, ఉప్పునీళ్ల బోరున్న ఇంట్లో షవర్ చిల్లుల చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. బుడగలు వస్తున్నాయంటే సున్నం కరుగుతున్నట్టే. బాత్‌రూము కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. మెరుపు లేచిపోతుంది, ఘాటుకి ఊపిరాడదు. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువే.

ఇక మిద్దె ఎక్కాం. పంపు తిరుగుతోంది, కానీ లోపల గులకరాళ్లు ఆడిస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వినగానే నా పాఠం నాకు గుర్తొచ్చింది. పంపు నెట్టగలదు గానీ, తనదాకా రాని నీళ్లను నెట్టలేదు. నీళ్లు చాలినంత రాకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ పగిలే చప్పుడే అది. ఇలాంటప్పుడు పెద్ద మోటారు వేస్తే, పెద్ద చప్పుడు వస్తుంది తప్ప నీళ్లు రావు.

స్విచ్చి ఆపి, వాల్వు కట్టి, ట్యాంకుకీ పంపుకీ మధ్యనున్న ఫిల్టరు మూత పానాతో విప్పించాను. లోపలి జాలీ బొటనవేలంత ఉంటుంది. దాన్నిండా పచ్చటి నాచు. ఆ నాచు మధ్యలో నల్లగా, పెన్సిల్ చెక్కితే వచ్చే తొక్కుల్లా, ప్లాస్టిక్ చుట్టలు. ట్యాంకుకి పైపు కోసం చిల్లు పొడిచిన రోజున లోపల పడ్డ తురుము అది. ఎవరూ తియ్యలేదు. ఏడాదిన్నరగా ఒక్కొక్కటే వచ్చి అక్కడ చేరింది. ప్లంబరు దాన్ని అరచేతిలో పోసుకుని చూసి, ఏమీ అనలేదు.

అక్కడే ఇంకొకటి బయటపడింది. ట్యాంకు నుంచి పంపు దాకా అర అంగుళం పైపు వేశారు. అంగుళం పైపు నోరు అర అంగుళం దానికి నాలుగింతలు. పంపుకు నీళ్లిచ్చే వైపు పొదుపు చెయ్యకూడదు. మార్పించాను. కొత్త మోటారు ఖరీదుతో పోలిస్తే అదొక లెక్కలోది కాదు.

మీ ఇంట్లో జాలీ శుభ్రంగానే ఉండొచ్చు. అప్పుడు ఇంకొన్ని చూసుకోవాలి. కొన్ని పంపులు నీళ్లు కదిలితేనే ఆన్ అవుతాయి. లోపల అయస్కాంతం ఉన్న చిన్న బిళ్ల ఉంటుంది. తుప్పు పొడి పట్టి అది ఇరుక్కుంటే పంపు లేవదు. ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉన్నా, దాన్ని లేపేంత ధార రాదు. ప్రెషర్ ట్యాంకు, అంటే లోపల గాలి నింపిన చిన్న డబ్బా, ఉన్న పంపైతే, టక్కుటక్కున ఆగి తిరుగుతోందంటే ఎక్కడో కుళాయో ఫ్లష్ ట్యాంకో కారుతోంది, లేదా ఆ డబ్బాలో గాలి తగ్గింది. దాని మీద ఉండేది బండి టైరుకుండే వాల్వే. కరెంటు ఆపి, నీళ్లన్నీ వదిలేసి, టైరు గేజీతోనే చూసుకోవచ్చు. పంపు ఆన్ అయ్యే ఒత్తిడి కంటే గాలి రెండు మూడు పీఎస్ఐ తక్కువ ఉండాలి. మోటారు మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. దాని జోలికి మనం పోవద్దు, స్విచ్చి ఆపాక కూడా షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇంకొక మాట. ఇదంతా మన ట్యాంకు తర్వాత సంగతి. వీధి కుళాయి లైనుకే మోటారు బిగించి లాగేవాళ్లున్నారు. అది పక్కింటివాళ్ల వాటా తినడమే కాదు, ఆ లైను ఎక్కడైనా చిల్లి ఉంటే పక్క కాలవలో మురుగుని కూడా లాగుతుంది. ఆ నీళ్లే మనం తాగుతాం.

ఆ సాయంత్రం బకెట్ 62 సెకన్లలో నిండింది. బావమరిది రెండోసారి స్నానానికి వెళ్లాడు, అవసరం లేకపోయినా. ఆ 62 అంకెను బాత్‌రూము తలుపు వెనక చాక్‌పీసుతో రాసిపెట్టాను, తేదీతో సహా. బడి అలవాటు పోదు కదా. నెలకోసారి బకెట్ పెట్టి చూస్తున్నాను. మొన్న 71 వచ్చింది. ఈ ఆదివారం జాలీ విప్పాలి.

నమస్కారం.