పాత కారును కిందికి దించాక పాత షాక్ అబ్సార్బర్లు పనికొస్తాయా?

వ్యాఖ్యాత: మొదటి శ్రోత లైన్లో ఉన్నారు. నమస్కారమండీ, అడగండి.

శ్రోత: నమస్కారమండీ. నాది 1967 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, నాన్నగారు నడిపిన కారు. ముందువైపు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు, ఉండే గొట్టాలకు ఎత్తు సర్దే అడ్జస్టర్లు వెల్డింగ్ చేయించి కారును రెండున్నర అంగుళాలు దించాను. మిగతావన్నీ కారుతో వచ్చినవే, మార్చడానికి మనసొప్పలేదు. చిన్న గుంతకే ఠంగుమంటోంది. టైర్లలో గాలి తగ్గించి చూశాను, లాభం లేదు. షాక్ అబ్సార్బర్లు పాడయ్యాయంటారా?

నిపుణులు: ముందు ఆ గాలి మళ్ళీ సరిగ్గా నింపండి. కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు షాక్ అబ్సార్బర్ పొడవు ఎంత? పూర్తిగా నొక్కితే ఎంత? కొలిచారా?

శ్రోత: లేదండీ.

నిపుణులు: కొలవండి. కారు దిగితే దాని రాడ్డు ముందే చాలావరకు లోపలికి వెళ్ళిపోతుంది. చక్రం కాస్త పైకి లేవగానే అడుగుకు కొట్టుకుంటుంది. ఆ చప్పుడు అదే కావచ్చు.

శ్రోత: అంటే పాతవే ఉంచవచ్చా?

నిపుణులు: ఈ ఎత్తులో వద్దు, పొట్టివి వేయండి. నాన్నగారి నాటివి శుభ్రం చేసి దాచుకోండి.

శ్రోత: పాతవే ఉంచే దారి ఏదీ లేదా అండీ?

నిపుణులు: ఉంది. చక్రం ఇరుసు పైకి జరిపి చేసిన స్పిండిళ్ళు దొరుకుతాయి. అవి వేసి, అడ్జస్టర్లను మొదటి ఎత్తుకు తిప్పేయండి. కారు కిందే ఉంటుంది, సస్పెన్షన్ చేతుల కోణం మాత్రం మారదు. అప్పుడు మీ పాత షాక్ అబ్సార్బర్లు హాయిగా పనిచేస్తాయి. కొన్ని రకాలతో చక్రాలు కాస్త బయటికి వస్తాయి, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో కొలవండి. వేగంలో స్టీరింగ్ తేలిపోతోందా?

శ్రోత: అవునండీ! నేనే అడగబోయాను.

నిపుణులు: ముక్కు వంగితే కాస్టర్, అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. కింది గొట్టానికీ ఛాసిస్‌కూ మధ్య షిమ్‌లు, అంటే పలుచని లోహపు బిళ్ళలు, పెట్టించండి.

శ్రోత: మరి వెనుక కూడా కొంచెం దించాలంటే ఏం కోయాలి?

నిపుణులు: ఏమీ కోయవద్దు. అక్కడి టార్షన్ బారుకు లోపలి కొసన 40 పళ్ళు, బయటి కొసన 44. ఒక కొసన ఒక పన్ను ఇటు, రెండో కొసన ఒక పన్ను అటు తిప్పితే మారేది డిగ్రీలోపే, సుమారు 50 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). అంత సన్నగా సర్దుకునే ఏర్పాటు కారులోనే ఉంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి! అయితే ఆ బారు బయటి కొసకు తగిలించిన ఉక్కు పట్టీ బిగువులో ఉంటుంది, ఎదురుగా నిలబడవద్దు. ఎక్కువ దించితే చక్రాల పైభాగం లోపలికి వాలి టైరు లోపలి అంచు అరుగుతుంది. ముందు...

శ్రోత: కొలవాలి. కొలుస్తానండీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి శ్రోత?

శ్రోత: కాయిల్ స్ప్రింగులను గ్యాస్ మంటతో వేడి చేస్తే దిగుతాయంటున్నారు.

నిపుణులు: వద్దు! ఉక్కు పదును పోతుంది. కుంగుతుంది, విరగనూ విరుగుతుంది. వేడి చేసి ఉంటే ఆ కారు బయటికి తీయకండి.

శ్రోత: ఒక చుట్టు కోస్తే?

నిపుణులు: బిరుసెక్కుతుంది, పైగా స్ప్రింగు వదులై గూటిలోంచి జారవచ్చు. తక్కువ ఎత్తుకు చేసినవే కొనండి.

వ్యాఖ్యాత: సమయం తక్కువుంది. మరొకరు.

శ్రోత: కారు దించాక సస్పెన్షన్ కీళ్ళలోని కొత్త రబ్బరు బుష్‌లు వెంటనే చిరిగాయండీ.

నిపుణులు: జాకీ మీద ఉండగా బిగించారా?

శ్రోత: అవును.

నిపుణులు: అదే కారణం. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కొత్తవి వేసి, ఈసారి...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం అయిపోయింది. నమస్కారం.