ముందు చెమ్మ, తర్వాతే రంగు

వ్యాఖ్యాత: నమస్కారం. తక్కువ ఖర్చుతో ఇంటిని, పెరటిని బాగుచేసుకోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. తాపీపనిలో తలపండిన మేస్త్రీ గారు మనతో ఉన్నారు. ఆయన డాబా మీద కూరగాయలు కూడా పండిస్తారు. ఖమ్మం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మాది రెండు గదుల డాబా. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు వస్తున్నారు. ముందు గదిలో ఒక గోడ మోకాలెత్తు దాకా పెచ్చులూడుతోంది. అయిదు వేలకు మించి పెట్టలేం. వాల్‌పేపర్ అంటిస్తే సరిపోతుందని మావారు అంటున్నారు.

మేస్త్రీ: ఆయన్ని కాస్త ఆగమనండి. వానాకాలంలోనే ఊడుతోందా, ఏడాది పొడవునా?

శ్రోత: ఏడాదంతానండీ.

మేస్త్రీ: గోడకు అవతల ఏముంది?

శ్రోత: స్నానాల గది.

మేస్త్రీ: దొంగ అక్కడే ఉన్నాడమ్మా! టైల్స్ సందుల్లోంచి నీళ్లు గోడలోకి పాకుతున్నట్టున్నాయి. పైన కాగితం అంటిస్తే తడి లోపలే నిలిచి, బూజు పట్టి ఊడివస్తుంది. డబ్బు దండగ. ఆ సందులు గీకించి గ్రౌటు నింపించండి. నేల, గోడ కలిసే మూలలు మరువకండి. ఇవతల గోడకు వదులైన పూతంతా కొట్టించి ఆరనివ్వండి. రెండు వారాలైనా తడి తగ్గకపోతే లోపల పైపు కారుతుందేమో ప్లంబర్‌కు చూపించండి.

శ్రోత: పండక్కి ఇటుకలు కనబడితే ఎలాగండీ?

మేస్త్రీ: బీరువా మాత్రం అడ్డం పెట్టకండి, గాలి ఆడదు. గోడకు జానెడు ఎడంగా పాత చీర ఒకటి తెరలా వేలాడదీయండి. అల్లుడు గోడలు చూడటానికి రాడు లెండి. బాగా ఎండాకే పూత, ఆ తర్వాతే రంగు.

శ్రోత: డబ్బు మిగిలితే డాబా మీద కుండీలు కొనాలని ఉంది.

మేస్త్రీ: కుండీలు కొనడమెందుకు? రంగు పనివాళ్లను అడిగితే ఖాళీ బకెట్లు ఇస్తారు. శుభ్రంగా కడిగి అడుగున చిల్లులు పెట్టండి. సగం ఎర్రమట్టి, పావు మాగిన పశువుల ఎరువు, పావు కొబ్బరిపొట్టు. ఇరవై లీటర్ల బకెట్‌లో మట్టి తడిస్తే పాతిక కిలోలు దాటుతుంది, అందుకని స్లాబు నడుమ గుంపుగా పెట్టకండి. గోడల వెంబడి, ఇటుకల మీద ఎత్తుగా ఉంచితే కింద నీరు నిలవదు. విత్తనాలకూ ఖర్చక్కర్లేదు. బజారులో కొన్న పుదీనా, బచ్చలి, పొన్నగంటి కాడలు గుచ్చితే వేళ్లు పోస్తాయి. తోటకూర నెలకల్లా కూరకు వస్తుంది.

వ్యాఖ్యాత: వేసవికి డాబా కాలిపోతుంది కదా, దానికేమిటి మార్గం?

మేస్త్రీ: తెల్ల సున్నం. రాత్రి నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి రెండు పూతలు. సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమని తెచ్చింది కదా, ఎండను వెనక్కి కొట్టే ఆ పని మా తాతలు సున్నంతోనే చేశారు.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి మరో శ్రోత. క్లుప్తంగా అడగండి.

శ్రోత: మాది అద్దె ఇల్లు సార్. రంగు వేయించమంటే యజమాని వినడం లేదు. మేమే వేయించుకోమంటారా?

మేస్త్రీ: మీ డబ్బుతో వద్దు బాబూ. అద్దెలో మినహాయిస్తానని ఆయన కాగితం మీద రాసిస్తేనే మొదలుపెట్టండి. లేదంటే ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లగలిగేవే కొనండి: తెరలు, దీపాలు, మొక్కలు.