బాధితుల గొంతులు స్పీకర్లలో వినిపించొచ్చా? స్టూడియో చర్చ

(హైదరాబాద్ స్టూడియో. చర్చలో సౌండ్ డిజైనర్, స్వరకర్త, మానసిక వైద్యురాలు, న్యాయవాది.)

మోడరేటర్: నమస్కారం. హింసను దాటొచ్చిన మహిళల గొంతులతో నగరంలో పెట్టిన సౌండ్ ప్రదర్శన గొడవకు దారితీసింది. కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు, ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయారు. స్వరకర్త గారూ, ఇలాంటి వాటికి ఏ రాగం కుదురుతుంది?

స్వరకర్త: రాగం సంగతి తర్వాతండీ. శివరంజనిని వయొలిన్ మీద సాగదీస్తే హాలంతా ఏడుస్తుంది. గొంతు ఇచ్చిన మనిషికి ఒరిగేదేముంది? అసలు ముందు...

సౌండ్ డిజైనర్: నేను చెప్తాను. తప్పు సంగీతంలో లేదు, సబ్‌వూఫర్‌లో, అంటే లోతైన శబ్దాల స్పీకర్‌లో ఉంది. 30 హెర్ట్జ్ దగ్గర ఆగకుండా హోరు. శబ్దం కొలిచే మీటర్‌ని ఎ-వెయిటింగ్‌లో, అంటే లోతైన శబ్దాల్ని తక్కువ చేసి లెక్కేసే పద్ధతిలో పెట్టి, అంకె తక్కువుంది కదా అని ఊరుకున్నారు. ఎ-వెయిటింగ్ 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది! వాటిని పెద్దగా తగ్గించని సి-వెయిటింగ్‌లో పెడితే తగ్గేది మూడే.

వైద్యురాలు: ఒక్క నిమిషం...

సౌండ్ డిజైనర్: పూర్తి చెయ్యనివ్వండి మేడమ్. గది పొడవు ఆరు మీటర్లు. మొదటి రెజొనెన్స్, అంటే గదే శబ్దాన్ని పెంచేసే చోటు, 29 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది గది మధ్యలో దాదాపు వినపడదు, ఆ చివరా ఈ చివరా గోడల దగ్గర మోగిపోతుంది. కొలిచింది మధ్యలో, కుర్చీలు వేసింది గోడవారన. 40 హెర్ట్జ్ కిందున్న శబ్దాన్ని కోసేసి ఉంటే ఈ చర్చే లేదు.

వైద్యురాలు: ఉండేది. తలుపు ధడేల్‌మన్న శబ్దం ఉన్నట్టుండి పెట్టారు. దెబ్బలు తిన్నవాళ్లకి అదొక్కటి చాలు. ఏం వినబోతున్నారో ముందే చెప్పాలి, తలుపు తెరిచి ఉంచాలి, వాల్యూమ్ వాళ్ల చేతికివ్వాలి.

సౌండ్ డిజైనర్: దానికి ఫేడ్-ఇన్ ఉందిగా, శబ్దాన్ని మెల్లగా పెంచడం! 5 మిల్లీసెకన్లలో లేచే శబ్దాన్ని రెండు సెకన్లకు సాగదీస్తే ఉలికిపాటు రాదు.

వైద్యురాలు: అప్పుడది తలుపు చప్పుడే కాదు కదండీ. అసలెందుకు పెట్టడం?

సౌండ్ డిజైనర్: అన్నీ తీసేస్తే మిగిలేదేంటి, లిఫ్ట్‌లో వేసే సంగీతమా?

మోడరేటర్: బాగుంది. ముఖారి రాగం వింటే మనసు తేలికపడుతుందంటారు. నిజమేనా?

స్వరకర్త: ఏ రాగమూ మందుబిళ్ల కాదండీ. వినిపించడం కన్నా పాడించడం మేలు. బతుకమ్మ ఆటలో ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని కలుస్తారు. చప్పట్లు, అడుగులు. అత్తింటి కష్టాలు ఆ పాటల్లో ఎన్ని లేవు? ఎవరి కష్టం ఎవరిదో విప్పి చెప్పక్కర్లేదు. ఇలాంటి బృందానికి బాణీ కడితే ఐదారు స్వరాలు దాటకూడదు. తారస్థాయికి పోతే సగం మంది ఆగిపోతారు. పాటలో ఒక్కో పాదం, దాని తర్వాత తీసుకునే ఊపిరి కలిపి పది సెకన్లుంటే అందరికీ నిమిషానికి ఆరు శ్వాసలు పడతాయి. తాళం కోసం టక్‌టక్‌మని కొట్టే క్లిక్ ట్రాక్ మాత్రం వద్దు, అందరూ దాని వెంటే పరిగెడతారు.

మోడరేటర్: అయితే ఆ బాణీ ఏ రాగంలో...

న్యాయవాది: నాకింతవరకు అవకాశమే ఇవ్వలేదు. అత్యాచారం లాంటి లైంగిక నేరమైతే, బాధితురాలిని గుర్తుపట్టే వివరం బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు. ఆమె రాతపూర్వకంగా అనుమతిస్తే వేరే మాట. గొంతు శ్రుతిని మూడు సెమీటోన్లు (అరస్వరాలు) దించి మార్చేశామంటే కుదరదు. ఎవరైనా మళ్లీ పైకి జరుపుకోవచ్చు.

సౌండ్ డిజైనర్: నేనూ అదే అంటున్నా! నటితో మళ్లీ చెప్పించాలి. వెనక శబ్దాలూ తుడవాలి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు అనౌన్స్‌మెంట్ ఒక్కటి మిగిలినా ఏ స్టేషన్ పక్కన ఇల్లో తెలిసిపోతుంది.

న్యాయవాది: మీరు అన్నది సబ్‌వూఫర్ గురించి. సరే, సంతకం పెట్టినావిడ ఏడాది తర్వాత వద్దంటే?

సౌండ్ డిజైనర్: ఫైనల్ మిక్స్ అయ్యాక ఎలాగండీ? రివర్బ్, అంటే గొంతుకి జోడించిన ప్రతిధ్వని, అంతా కలిసిపోయి ఉంటుంది.

స్వరకర్త: మిక్స్‌కి ముందున్న సెషన్ ఫైల్ దాచుకోండి, ఒక్కో గొంతు ఒక్కో ట్రాక్‌లో. ఆ ట్రాక్ మ్యూట్ చేస్తే రివర్బ్‌కి వెళ్లేదీ ఆగుతుంది. మళ్లీ మిక్స్ తీయడం ఒక పూట పని.

సౌండ్ డిజైనర్: పూట కాదు, బ్యాలెన్సంతా మారుతుంది...

మోడరేటర్: సీరియల్స్‌లో కోడలు ఏడ్చినప్పుడు మూడుసార్లు ‘ఢాం’ అంటారు. అదీ ఇలాంటిదే కదా?

వైద్యురాలు: దానికీ దీనికీ...

సౌండ్ డిజైనర్: భలే పట్టుకున్నారు! అదీ లో-ఫ్రీక్వెన్సీ దెబ్బే.

మోడరేటర్: సమయం అయిపోయింది. మొత్తానికి సమస్య సబ్‌వూఫర్‌దేనని ప్యానెల్ తేల్చింది.

వైద్యురాలు: ఎవరు తేల్చారండీ?

న్యాయవాది: నా ప్రశ్నకు జవాబే రాలేదు.

మోడరేటర్: చిన్న బ్రేక్. తర్వాత, మీ రాశికి ఏ రాగం మంచిది?

సౌండ్ డిజైనర్: కుర్చీలు గోడకి మీటరైనా ఎడంగా వేయాలని కూడా చెప్పాలి...