పాత రేసు సైకిల్ స్టెమ్ వాడొచ్చా? విప్పి చూసి చెబుతున్నా

నమస్కారం అండీ. అనంతపురం నుంచి ఇంకో రివ్యూ. ఈసారి సైకిల్ మొత్తం కాదు, హ్యాండిల్‌ని ఫోర్క్‌కి, అంటే ముందు చక్రాన్ని పట్టే కొమ్మలకి, పట్టి ఉంచే ఈ స్టెమ్ ఒక్కటే. మన సబ్‌స్క్రైబర్ తమ్ముడొకడు బెంగళూరులో పాత ఫ్రెంచ్ రేసు సైకిల్ కొని, టవర్ క్లాక్ దగ్గర నాకు తెలిసిన షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాడు. "అన్నా, రోజూ బుక్కరాయసముద్రం దాకా తొక్కొచ్చా?" అని అడిగాడు. ఫ్రేమ్ బాగుంది, బ్రేకులు సరే. స్టెమ్ దగ్గరే ఆగిపోయా.

పైనుంచి చూస్తే అల్యూమినియం, పాలిష్ పెట్టారు, తళతళలాడుతోంది. ఇప్పుడు విప్పుదాం. పై బోల్టు పూర్తిగా తీసేయకండి. నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయాలి. లోపల గొట్టం కింద ఉన్న శంకువు లాంటి ముక్క, అదే కోన్, జారుతుంది. ఆ... వచ్చేసింది.

అసలు సంగతి ఈ కింది కొసలో ఉంది. గొట్టానికి నిలువుగా గాట్లు కోశారు, కనబడుతున్నాయా? బోల్టు బిగిస్తే కోన్ పైకెక్కి ఈ గాట్లను విప్పదీస్తుంది, గొట్టం ఫోర్క్ లోపలి గోడను పట్టుకుంటుంది. అంటే సైకిల్ ఊరికే నిలబెట్టినా గాటు చివర లోహం మీద ఒత్తిడి ఉన్నట్టే. దానికి తోడు ఎత్తు ఎక్కేటప్పుడు మనం హ్యాండిల్ లాగే లాగుడు, గుంతల దెబ్బలు. పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో తయారైన ఆవా (AVA) కంపెనీ స్టెమ్‌లు ఇలా తెగుతాయనే పాత సైకిళ్లు సేకరించేవాళ్లు వాటికి 'డెత్ స్టెమ్' అని పేరు పెట్టారు. గాటు చివర గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే ఒత్తిడి ఒకేచోట పోగవదు. నా చేతిలో ఉన్నదానికి, కంపెనీ పేరు వద్దులెండి, ఆ రంధ్రం లేదు.

లైట్ ఇటు తిప్పరా. కిరోసిన్ రాసి, కాసేపు వదిలి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దాను. గాటు చివరి నుంచి పక్కకు వెంట్రుకంత తడి గీత తేలింది, చూశారా? పగుల్లోకి దూరిన కిరోసిన్ బయటికి ఊరుతోంది. గీత తేలకపోయినా దీనికి నేను ఓకే చెప్పేవాణ్ని కాదు. ఉక్కుకు ఒక హద్దు ఉంది, ఆ లోపు బరువు ఎన్నిసార్లు పడినా తట్టుకుంటుంది. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపులు కూడా వడ్డీలా పెరుగుతూనే ఉంటాయి.

మరి మన హీరో, అట్లాస్ పెద్ద సైకిళ్ల మాటేంటి? వాటికి హ్యాండిల్, స్టెమ్ కలిపి ఒకే ఉక్కు ముక్కగా వస్తాయి. ఉక్కు చాలావరకు తెగే ముందు వంగుతుంది, మనకు తెలుస్తుంది. అక్కడ నా టెన్షన్ వేరు. నడుం నొప్పి అని హ్యాండిల్ పైకి లాగేస్తారు, పైగా రెండు వైపులా సంచులు తగిలిస్తారు. గొట్టం కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉండాలి. హ్యాండిల్, స్టెమ్ అతికిన చోట క్రోమ్ ఉబ్బి తుప్పు కనిపిస్తే మార్చేయండి.

ఈ ఫ్రెంచ్ సైకిల్‌కి కొత్త స్టెమ్ వేయడంలో ఒక చిక్కుంది. మామూలు స్టెమ్ గొట్టం అడ్డకొలత 22.2 మి.మీ., పాత ఫ్రెంచ్ ఫోర్క్‌కి కావాల్సింది 22.0. షాపులో మేస్త్రీ "దిగుతుందిలేప్పా" అని సుత్తి ఎత్తాడు, నేనే ఆపాను. కొత్త స్టెమ్ గొట్టాన్ని ఎమరీ పేపర్‌తో సమంగా అరగదీసి, చేత్తో తోస్తే దిగేలా చేసి, గ్రీజు రాసి పెట్టాం. గ్రీజు లేకపోతే అల్యూమినియం ఉక్కులో బిగుసుకుపోయి రానే రాదు. కొత్తది కింద ఏటవాలుగా కోసిన వెడ్జ్ రకం, గాట్లు లేవు. హ్యాండిల్ మందం కూడా కొలుచుకుని కొనండి, అక్కడా సైజులు మారతాయి.

పాత స్టెమ్‌కి నా మార్కులు: అందానికి పదికి పది, రోడ్డుకి సున్నా. "ఒరిజినల్ పార్ట్ అన్నా" అని తమ్ముడు కొంచెం ముఖం మాడ్చుకున్నాడు. షోకేసులో పెట్టుకో అన్నాను. మీ స్టెమ్ గురించి అడిగేవాళ్లు పైభాగం ఫోటో పంపొద్దు, విప్పి కింది కొస ఫోటో పంపండి.