కొడిగట్టడం వేరు, కొండెక్కడం వేరు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఆ మాట 'కొడిగట్టడం'.

మా అవ్వ సాయంత్రం ఆముదపు దీపం వెలిగించి, పక్కనే ఒక చీపురుపుల్ల పెట్టుకునేది. కాసేపటికి కాలిన వత్తి కొసన నల్లటి మసి ముద్దగా పేరుకునేది. దాన్నే కొడి అంటారు. ప్రమిదలో ఆముదం నిండుగానే ఉండేది, గాలి కూడా వీచేది కాదు, అయినా వెలుగు ఎర్రబడి కుంచించుకుపోయేది. "దీపం కొడిగట్టింది, చూడు నాయనా" అనేది అవ్వ. నేను పుల్లతో ఆ మసి రాల్చి, వత్తిని కాస్త ఎగదోస్తే, గోడ మీద మా నీడలు మళ్ళీ తేటపడేవి.

ఎప్పుడైనా ఏమరుపాటున ఆరిపోతే మాత్రం అవ్వ ఆ మాట వాడేది కాదు. దీపం ఆరిందనడం అశుభం కనుక 'కొండెక్కింది' అనేది. తిరుపతిలో పుట్టినవాణ్ణి కావడంతో, ఆ దీపం అలిపిరి మెట్ల మీదుగా స్వామి దగ్గరికే వెళ్ళిందని చాలాకాలం నమ్మాను.

ఇప్పుడు మూతపడిన మిల్లుకూ, కన్నుమూసిన మనిషికీ కూడా 'కొడిగట్టింది' అని రాసేస్తున్నారు. నాకు అది నచ్చదు. కొడిగట్టిందంటే లోపల ఇంకా నిప్పు ఉండాలి. శ్రీకాళహస్తిలో వాయులింగం దగ్గర రెపరెపలాడే దీపానికి సైతం ఈ మాట చెల్లదు. రెపరెపలకు గాలి కారణమంటారు, కొడి మాత్రం వత్తిలోంచే పుడుతుంది.

అదే ఊరి కలంకారీకి ఈ మాట చక్కగా అతుకుతుంది. 20వ శతాబ్దం నడిమికి ఆదరించేవారు తగ్గిపోయి, వెదురు కలం పట్టేవారు కొద్దిమందే మిగిలారు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడపడం, బెల్లపు నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి నల్లరంగు తీయడం వారికి తెలుసు. వారి దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలే కరువయ్యారు. 1957లో, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో, అఖిల భారత హస్తకళల బోర్డు అండగా అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. చీపురుపుల్ల అందింది. అంతకు ముందటి కలంకారీ కొడిగట్టిందని అనవచ్చు, కొండెక్కిందని అనకూడదు.

కనుక మీ ఊరి కుమ్మరి సారె గురించో, తోలుబొమ్మలాట గురించో రాయవలసి వస్తే ముందుగా ఒక్క సంగతి విచారించండి: ఆ పని తెలిసినవారు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే 'కొడిగట్టింది' అని రాయండి. ఎవరూ లేకపోతే 'ఆగిపోయింది' అని నేరుగా రాయండి. నమస్కారం.