చర్మం పలచబడితే స్క్లీరోడెర్మా తగ్గినట్టేనా?

నమస్కారం. "పోయిన స్కాన్‌లో చర్మం మందంగా ఉంది, ఈసారి పలచబడింది, అంటే జబ్బు తగ్గుతోంది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు. తగ్గుతూ ఉండొచ్చు, కాదనను. కానీ ఒక్క మందం అంకె చూసి ఆ మాట అనేయకూడదు.

నేను మాట్లాడేది స్క్లీరోడెర్మాలో సిస్టమిక్ స్క్లెరోసిస్ అనే రకం గురించి, అంటే చర్మాన్నీ లోపలి అవయవాలనూ గట్టిపరిచే జబ్బు. ఇక నేరుగా చర్మం దగ్గరికి వెళ్దాం. డాక్టర్లు ఇప్పటికీ ఎక్కువగా వాడేది రాడ్నాన్ స్కోర్. ఒంటి మీద 17 చోట్ల చర్మాన్ని వేళ్లతో మడతపట్టి చూసి, ఒక్కో చోటికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. అన్నీ కలిపితే గరిష్ఠంగా 51. మిషన్ అక్కర్లేని ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం. కాకపోతే చర్మం మందమైందా, గట్టిపడిందా, కిందికి అతుక్కుపోయిందా అన్నది వేళ్లకు విడివిడిగా తెలియదు. ఒకరు 1 వేసిన చోట ఇంకొకరు 2 వేయడమూ మామూలే.

అందుకే అల్ట్రాసౌండ్. కడుపు స్కాన్‌కి ఒంటి మీద ఆనించే ప్రోబ్ ఇక్కడ పనికిరాదు. సాధారణంగా 18, 20 మెగాహెర్ట్జ్, ఆపైన ఉండే ప్రోబ్ కావాలి. అంత లోతుకు పోదు కానీ పొరలను విడదీసి చూపిస్తుంది. తెర మీద పైన సన్నటి తెల్లగీత, దాని కింద బూడిదరంగు పట్టీ. ఆ పట్టీయే డెర్మిస్, అంటే చర్మం పైపొర కింద ఉండే మందపాటి పొర. దాని కింద నల్లగా కనిపించేది కొవ్వు. పట్టీ పై అంచు నుంచి కింది అంచు దాకా కొలిస్తే మందం వస్తుంది.

ఇప్పుడు ఒక స్పాంజ్‌ని ఊహించుకోండి. నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది, కానీ మెత్తగానే ఉంటుంది. ఎండితే కుంచించుకుపోయి గట్టిపడుతుంది. మందం తగ్గింది కదా, మునుపటిలా మెత్తబడిందా? లేదు!

జబ్బు తొలి దశలో చర్మం తడి స్పాంజే. వాపు వల్ల మందం పెరుగుతుంది, నీరు ధ్వనిని పెద్దగా వెనక్కి పంపదు కాబట్టి పట్టీ నల్లబడుతుంది. తర్వాత కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుంటే పట్టీ తెల్లబడుతుంది. చివరి దశలో చర్మం క్షీణించి పలచబడుతుంది, అయినా బిగుసుకుపోయి ఉండొచ్చు. అది ఎండిన స్పాంజ్. అందుకే మందంతో పాటు నలుపు తెలుపులూ చూడాలి. నా దృష్టిలో ఆ రెండోది రాయని రిపోర్ట్ సగం రిపోర్టే.

అదే స్పాంజ్ మీద వేలుతో నొక్కండి, అణిగిపోతుంది కదా? ప్రోబ్ నొక్కినా చర్మం అంతే, మందం తక్కువగా వస్తుంది. అందుకే జెల్ దట్టంగా వేసి, ప్రోబ్ ఆ జెల్ మీద తేలుతున్నట్టు పట్టుకోవాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. గట్టిదనం కొలవడానికి ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పద్ధతి ఉంది. చర్మం ఎంత గట్టిగా ఉంటే అందులో షియర్ తరంగం, అంటే పక్కలకు పాకే కంపనం, అంత వేగంగా పోతుంది. తొలి దశలో వేళ్లకు మామూలుగా అనిపించిన చోట కూడా అల్ట్రాసౌండ్‌లో తేడా కనిపించిన సందర్భాలున్నాయి. రెండు స్కాన్‌లు పోల్చాలంటే అదే చోట, అదే రకం ప్రోబ్‌తో తీయాలి. చర్మం స్కాన్ బాగుందని ఊపిరితిత్తులు, కిడ్నీల పరీక్షలు మాత్రం మానొద్దు. వాటి సంగతి ఈ స్కాన్ చెప్పదు.